జెర్సీ తీరంలో ఫ్లూక్ వేట: గైడు పడవ మాట్లాడుకోవడం దగ్గర్నుంచి కూర దాకా

మే మొదలుకొని సెప్టెంబరు చివరి దాకా శాండీ హుక్ నుంచి కేప్ మే వరకు న్యూజెర్సీలో ఏ రేవులో చూసినా ఫ్లూక్ కోసం బయలుదేరే పడవ ఒకటైనా కనిపిస్తుంది. పుస్తకాల్లో ఈ చేప పేరు సమ్మర్ ఫ్లౌండర్. దక్షిణ జెర్సీలో ఫ్లౌండర్ అనే అంటారు, ఉత్తరాన ఫ్లూక్ అంటారు. రెండూ ఒకటే. ఎడిసన్, ఐసెలిన్ ప్రాంతాల్లో ఉన్న తెలుగు కుటుంబాలకు అట్లాంటిక్ హైలాండ్స్ రేవు గంటలోపు ప్రయాణం. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, పిల్లలకు సెలవులిచ్చినప్పుడు ఒక పూట పడవ మాట్లాడుకుని వెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు. వెళ్లినవారిలో సగం మంది వట్టి చేతులతో వచ్చి గైడును తిట్టుకుంటారు.

ఆ తిట్టు చాలాసార్లు అన్యాయం. గైడు దగ్గర మనం కొనేది అతని అనుభవాన్ని: ఆ పూట నీరు ఎటు పారుతుంది, ఆ పారుదలలో చేప ఎక్కడ పొంచి ఉంటుంది అన్న అంచనాను. ఆ అంచనా ఎలా వేస్తాడో మీకూ కొంత తెలిసి ఉంటే సరైన పూట ఎంచుకోగలరు, పడవ మీద అతను చెప్పేది అర్థమవుతుంది. అందుకే ఇందులో నీటి గురించే ఎక్కువ చెబుతున్నాను. మూడు నుంచి పదిహేను అడుగుల లోతుండే బేలు (సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన అఖాతాలు), ఉప్పుటేర్లు, మొగల (బే సముద్రంలో కలిసే ఇరుకు దారుల) దగ్గరి వేట గురించే ఈ వివరాలన్నీ. బయట సముద్రంలో, అరవై అడుగుల లోతులో మునిగిన ఓడల మీద చేసే వేట వేరే విద్య.

ముందుగా చేప సంగతి

గుడ్డులోంచి వచ్చినప్పుడు ఫ్లూక్ పిల్ల మామూలు చేపలాగే నిటారుగా ఈదుతుంది. కళ్లు చెరో వైపు ఉంటాయి. పెరిగే క్రమంలో కుడి కన్ను తల మీదుగా ఎడమ వైపుకు జరుగుతుంది, కుడి వైపు తెల్లబడి నేలకు ఆనుకుంటుంది. అక్కడి నుంచి దాని బతుకంతా అడుగునే. ఒంటి రంగును కింద ఉన్న ఇసుకకో బురదకో తగ్గట్టు మార్చుకుని, రెక్కలతో ఇసుకను పైకి ఎగజిమ్మి అందులో కూరుకుపోయి, కళ్లు మాత్రం బయట పెట్టి కాచుకుంటుంది. నోరు పెద్దది, పళ్లు పదునైనవి. బురద తింటుందనుకునేవాళ్లు ఒకసారి దాని నోరు తెరిచి చూడాలి. ఇది వేటగాడు. చిన్న చేపలను, స్క్విడ్‌ను, రొయ్యలను మీదికి ఉరికి పడుతుంది, అవసరమైతే కొంత దూరం వెంటాడుతుంది కూడా.

కళ్లు పైకి చూస్తుంటాయి కాబట్టి ఎర దాని తలకు కొంచెం పైన, అడుగుకు దగ్గరగా కదలాలి. మీరు పట్టుకునే పద్ధతి మొత్తం ఈ ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది.

శీతాకాలమంతా ఇవి తీరానికి దూరంగా, లోతు నీళ్లలో ఉంటాయి. శరదృతువులో అటు వెళుతూనే గుడ్లు పెడతాయి. వసంతంలో తిరిగి వచ్చి మొగల గుండా బేలలోకి దూరతాయి. ప్రపంచ రికార్డు చేపను 1975 సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని మాంటాక్ దగ్గర పట్టారు. బరువు 22 పౌన్ల 7 ఔన్సులు. బేలో మీకు తగిలేవి చాలావరకు అందులో పదో వంతు కూడా తూగవు. ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

పూట ఎంచుకోవడం

మనవాళ్లు పడవ మాట్లాడుకునే తీరు ఇలా ఉంటుంది: శనివారం ఖాళీ ఉంది, ఉదయం ఎనిమిదికి వస్తాం, సరేనా? గైడు సరే అంటాడు. అతనికీ శనివారం బేరం కావాలి కదా. మీరు అడగవలసిన మొదటి ప్రశ్న వేరు: ఆ రోజు ఎనిమిది గంటలకు పోటా, ఆటా?

అట్లాంటిక్ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. నీరు ఆరు గంటల పైచిలుకు లోపలికి వస్తుంది, అంతసేపు బయటకు పోతుంది. నీరు కదులుతున్నంత సేపు ఫ్లూక్ తింటుంది. ఎందుకంటే చిన్న చేపలను ప్రవాహమే దాని నోటి ముందుకు తెస్తుంది. నీరు నిలిచిపోయిన ముప్పావు గంట, గంట పాటు వేట దాదాపు ఆగిపోతుంది. నాలుగు గంటల పూటలో ఆ గంట మధ్యలో పడితే మీ డబ్బులో పావు వంతు పోయినట్టే.

పోటు సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. వారానికి లెక్కవేస్తే ఆరు గంటలకు కాస్త తక్కువ. అంటే ఈ శనివారం ఉదయం ఎనిమిదికి నిండు పోటు ఉంటే, వచ్చే శనివారం అదే సమయానికి నీరు పూర్తిగా తీసి ఉంటుంది. స్నేహితుడు పోయిన వారం బాగా పట్టాడని అదే పడవ, అదే సమయం మాట్లాడుకుంటే మీకు దొరికేది సరిగ్గా తిరగబడిన నీరు. ఒక వారం వదిలి వెళ్లడం మేలు. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా వెబ్‌సైటులో చాలా రేవులకు పోటు ఆటు పట్టికలు ఉచితంగా దొరుకుతాయి. అయితే మొగ దగ్గరి సమయానికీ, బే లోపలి సమయానికీ తేడా ఉంటుంది. లోపలికి వెళ్లే కొద్దీ ఆలస్యం పెరుగుతుంది. ఆ తేడా ఎంతో గైడుకు నోటికి వచ్చి ఉంటుంది, అడగండి.

ఇక ఆటు మంచిదా, పోటు మంచిదా? అది నెలను బట్టి మారుతుంది.

మే నెలలో, జూన్ మొదట్లో సముద్రం ఇంకా చల్లగా ఉంటుంది. బే వెనక వైపు బురద మెరకల మీద రెండు మూడు అడుగుల నీరు మధ్యాహ్నపు ఎండకు త్వరగా వేడెక్కుతుంది. ఆటు మొదలయ్యాక ఆ వెచ్చని నీరు ఉప్పుటేర్ల గుండా దిగి వస్తూ గడ్డి చిత్తడిలోని చిన్న చేపలను, రొయ్యలను వెంట తెస్తుంది. ఆ ఏరు వచ్చి కాలువలో కలిసే చోట, మెరక తెగి లోతు మొదలయ్యే అంచున ఫ్లూక్ వరుసగా కాచుకుంటాయి. ఈ కాలంలో మధ్యాహ్నం మీద పడే ఆటు, అందులోనూ దాని రెండో సగం, బంగారం. తెల్లవారకముందే లేచి వెళ్లవలసిన పని లేదు. నీరు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిందంటే వేట ఊపందుకుంటుంది.

జూలై, ఆగస్టులలో కథ తిరగబడుతుంది. బే నీరు మరీ వేడెక్కితే పెద్ద చేపలు మొగల వైపు, సముద్రం వైపు జరుగుతాయి. అప్పుడు పోటు కావాలి. చల్లని, తేటైన సముద్రపు నీరు మొగ గుండా లోపలికి వస్తుంటే దాంతోపాటే అవీ కదులుతాయి. ఉదయం పూట పోటు పడే రోజు చూసుకోండి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది, సరదా పడవల అలలు మొదలవుతాయి, ప్రశాంతంగా వేటాడే వీలుండదు.

ఇందులో ఒక మెలిక ఉంది. దక్షిణపు గాలి వరుసగా కొన్ని రోజులు గట్టిగా వీస్తే జెర్సీ తీరం వెంబడి పైనున్న వెచ్చని నీరు దూరంగా నెట్టుకుపోయి, అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంది. ఎండలు మండుతున్నా సముద్రంలో కాలు పెడితే జివ్వుమంటుంది. అలాంటి రోజుల్లో మొగల దగ్గర పోటు నీరు ఎముకలు కొరికేలా ఉండి చేప మందగిస్తుంది. మంచి గైడు అప్పుడు మిమ్మల్ని బే లోపలికి తీసుకెళతాడు. గాలి వివరం వారం ముందు నుంచీ గమనించండి.

చోటును బట్టి కూడా నీటి బలం మారుతుంది. బార్నెగాట్ బేలో మొగకు దూరంగా వెళితే నీటి మట్టం పెద్దగా పెరగదు, తగ్గదు. అక్కడ మొగకు దగ్గరగా ఉండటమే మేలు. గ్రేట్ బే, లిటిల్ ఎగ్, గ్రేట్ ఎగ్ హార్బర్, ఇంకా దక్షిణాన కార్సన్స్, టౌన్సెండ్స్, హెర్‌ఫోర్డ్ మొగల వెనకాల నీరు జోరుగా కదులుతుంది. ఉత్తరాన నేవ్‌సింక్, ష్రూస్‌బరీ నదులు, రారిటన్ బే ఉన్నాయి. కొత్తవాళ్లకు నేను దక్షిణం వైపే చెబుతాను. దూరం ఎక్కువే, కానీ అక్కడి ఏర్లలో అలలు తక్కువ, నేర్చుకోవడానికి వీలు ఎక్కువ.

గైడును మాట్లాడుకోవడం

రెండు రకాల పడవలున్నాయి. తలకింత అని టికెట్టు తీసుకుని పదుల మందితో ఎక్కేది పార్టీ బోటు. మీ బృందానికి మాత్రమే అద్దెకు దొరికేది చిన్న చార్టర్ పడవ. అమెరికా కోస్ట్ గార్డు ఇచ్చే ప్రాథమిక లైసెన్సుతో కెప్టెన్ ఆరుగురు అద్దె ప్రయాణికుల వరకే ఎక్కించుకోవచ్చు. అందుకే వీటిని సిక్స్ ప్యాక్ అంటారు. చంటిపిల్లను ఏడో మనిషిగా లెక్కపెట్టరులే అనుకోకండి, ఆమె కూడా లెక్కే. లోతు తక్కువ నీళ్లకు పెద్ద పార్టీ బోట్లు పనికిరావు. చార్టర్ కూడా బే వేటకు నలుగురితోనే సుఖం. ఆరుగురు గాలాలు వేస్తే తీగలు చిక్కుపడటంతోనే పూట గడిచిపోతుంది.

ఫోనులో ఇవి అడగండి: ఆ రోజు ఏ నీటిలో వేటాడతారు, బేలోనా బయటా, గాలి ఎక్కువైతే ప్రత్యామ్నాయం ఏమిటి, ఎవరు రద్దు చేస్తే ఎంత తిరిగి ఇస్తారు, పిల్లల కొలతలకు లైఫ్ జాకెట్లు ఉన్నాయా, గాలాలు, ఎర అద్దెలోనే కలిసి ఉన్నాయా. పెద్దవాళ్లను తీసుకెళుతుంటే మరో ప్రశ్న తప్పదు: పడవలో మరుగుదొడ్డి ఉందా? చిన్న బే పడవల్లో చాలావాటికి ఉండదు. మొహమాటపడి అడగకపోతే నాలుగు గంటలు నరకం. కోస్ట్ గార్డు లైసెన్సు ఉందా అని అడిగితే నిజమైన కెప్టెన్ ఎవరూ చిన్నబుచ్చుకోరు.

న్యూజెర్సీలో సొంతంగా సముద్రపు నీటిలో వేటాడాలంటే 16 ఏళ్లు నిండినవారు రాష్ట్ర రిజిస్ట్రీలో ఉచితంగా పేరు నమోదు చేసుకోవాలి. అనుమతి ఉన్న అద్దె పడవ ఎక్కినప్పుడు ఆ అవసరం లేదు. గైడుతో వెళ్లడంలో ఇదొక సౌకర్యం.

బిల్లు మీద 15 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం ఇక్కడి రివాజు. చేప పడకపోయినా ఇస్తారు.

వెంట ఏమి తీసుకెళ్లాలి

టోపీ, పోలరైజ్డ్ కళ్లద్దాలు, పల్చని పొడుగు చేతుల చొక్కా, తెల్ల అడుగున్న బూట్లు, మంచు గడ్డలతో నింపిన కూలర్. కూలర్ కారులో ఉంచితే చాలు, పడవ మీద గైడుదే ఉంటుంది. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు మాత్ర ముందు రాత్రే వేసుకోవాలి. పడవ ఎక్కాక వేసుకుంటే ఉపయోగం తక్కువ. పెరుగన్నం, పులిహోర హాయిగా తీసుకెళ్లవచ్చు. అరటిపళ్లు మాత్రం ఇంటి దగ్గరే వదిలేయండి. పడవ మీద అరటిపండు ఉంటే చేప పడదని ఇక్కడి కెప్టెన్లకు గట్టి నమ్మకం. నవ్వులాటగా అన్నట్టే అంటారు కానీ కొందరు నిజంగానే మొహం ముడుచుకుంటారు.

గాలం గైడు ఇస్తాడు. సొంతంగా కొనాలనుకుంటే ఆరున్నర, ఏడు అడుగుల తేలికపాటి కర్ర, 2500 లేదా 3000 సైజు స్పిన్నింగ్ రీలు, 10 నుంచి 15 పౌన్ల అల్లిక దారం, దాని చివర రెండు మూడు అడుగుల 20 పౌన్ల ఫ్లోరోకార్బన్ తంగుసు. అల్లిక దారం సాగదు కాబట్టి అడుగున జరిగేదంతా వేళ్లకు తెలుస్తుంది. మామూలు నైలాన్ తంగుసుతో అది సగం కూడా తెలియదు.

ఎరలో రెండు దారులున్నాయి. ఒకటి బ్రతికున్న కిల్లీ. ఉప్పు చిత్తడిలో దొరికే వేలెడంత మొండి చేప అది. తడి నాచులో చల్లగా ఉంచితే నీళ్లు లేకుండానే గంటల తరబడి బతుకుతుంది. కింది పెదవి నుంచి పై పెదవికి గాలం గుచ్చి, పైన సీసం గుండు కట్టి అడుగున లాక్కుపోతారు. పక్కన సన్నగా చీల్చిన స్క్విడ్ ముక్క ఒకటి వేలాడదీస్తే ఇంకా మంచిది. రెండోది బక్‌టెయిల్ జిగ్. జింక తోక వెంట్రుకలు కట్టిన సీసపు తల అది. దాని గాలానికి నాలుగు అంగుళాల గల్ప్ రబ్బరు ఎర తొడుగుతారు. ఒకటి ఒకటిన్నర అడుగుల పైన మరో చిన్న గాలానికి ఇంకో గల్ప్ కడతారు. తెలుపు, గులాబీ, చిలకాకుపచ్చ రంగులు ఇక్కడ ఎక్కువగా నడుస్తాయి. గల్ప్‌ను దాని రసంలోనే ఉంచండి, ఎండలో వదిలేస్తే గట్టిపడి పనికిరాకుండా పోతుంది.

చిన్నపిల్లలకు, మొదటిసారి వచ్చినవారికి కిల్లీ. చేతులకు పని కావాలనుకునేవారికి జిగ్. నా ఓటు జిగ్‌కే, పెద్ద చేపలు దానికే ఎక్కువ పడతాయి.

నీటి మీద

గైడు లంగరు వేయడు. కాలువ అంచుకు పై భాగాన ఇంజను ఆపి పడవను నీటి వాలుకు వదులుతాడు. పడవ జారుతూ వెళుతుంటే మీ ఎర అడుగున నడుస్తూ వెళుతుంది. ఒక చేప తగిలిన చోటును పడవలోని మ్యాప్ తెర మీద గుర్తు పెట్టుకుని మళ్లీ పైకి వెళ్లి అదే దారిన వదులుతాడు. ఫ్లూక్ గుంపుగా ఒకే అంచున ఉంటాయి కాబట్టి ఇది పట్టుదల కొద్దీ చేసే పని కాదు, లెక్క.

గాలీ నీరూ ఒకే వైపు ఉంటే పడవ మరీ వేగంగా పోతుంది. అప్పుడు వేగం తగ్గించడానికి నీటి గొడుగు లాంటి డ్రిఫ్ట్ సాక్ దించుతారు. గాలి నీటికి ఎదురైతే పడవ కదలక నిలబడిపోతుంది. అప్పుడు జిగ్‌ను దూరంగా విసిరి మీరే లాక్కోవాలి. పడవ మెల్లగా నడిచే మనిషి వేగానికి కాస్త తక్కువలో జారుతుంటే సరిగ్గా ఉన్నట్టు.

ఎర అడుగుకు తాకే వరకు దారం వదలండి. తాకిన మరుక్షణం రీలు మూసి, కర్ర కొనను అర అడుగు మాత్రమే పైకి లేపి, మళ్లీ తాకనివ్వండి. లేపు, తాకించు, లేపు, తాకించు. కర్రను ఆకాశానికి ఎత్తవద్దు. తాకడం తెలియకపోతే ఎర నీటి మధ్యలో తేలుతోందని అర్థం. కొంచెం దారం వదలండి, లేదా బరువు పెంచమనండి. పది అడుగుల లోతుకు అర ఔన్సు తరచుగా సరిపోతుంది. అడుగు తెలిసేంత వరకే బరువు, అంతకు మించితే ఎర బురదలో ఈడ్చుకుపోతుంది. ఐదు నిమిషాలకోసారి పైకి లాగి చూసుకోండి. గాలానికి నాచు పోగు పట్టి ఉంటే ఆ ఎరను ఫ్లూక్ కన్నెత్తి చూడదు. పున్నమి, అమావాస్యల దగ్గర నీరు బలంగా పారి తెగిన గడ్డి ఎక్కువగా కొట్టుకొస్తుంది.

ఫ్లూక్ పట్టిన సంగతి రెండు విధాలుగా తెలుస్తుంది: టక్‌మని ఒక దెబ్బ, లేదా ఉన్నట్టుండి ఎర బరువెక్కడం. రెండోదాన్ని కొత్తవాళ్లు నాచు తగిలిందనుకుంటారు. జిగ్ వాడుతుంటే వెంటనే గట్టిగా ఒక్క లాగు లాగాలి. కిల్లీ వాడుతుంటే తొందర వద్దు. ఫ్లూక్ ఎరను తోక దగ్గర పట్టుకుని మెల్లగా మింగుతుంది. కర్ర కొన దించి, రెండు మూడు క్షణాలు ఆగి, దారం బిగుసుకున్నాక స్థిరంగా పైకెత్తండి.

తర్వాత రీలు తిప్పుతూనే ఉండాలి, కర్ర వంగే ఉండాలి. కర్రను పైకీ కిందికీ పంపులా కొడితే మధ్యలో దారం వదులై చేప ఊడిపోతుంది. పడవ చూడగానే అది మరోసారి అడుగుకు దూకుతుంది, అప్పుడు రీలును బిగించి పట్టుకోకుండా దారం పోనివ్వండి. తల నీటి పైకి ఎత్తకూడదు. ఎత్తితే తల విదిలించి జిగ్ విసిరేస్తుంది. నీటి పైపొరకు ఒక అడుగు కింద ఉంచి తల ముందుగా వలలోకి నడిపించాలి. వల పట్టే పని గైడుదే. మీ బావమరిదిది కాదు. మంచి చేపలు చాలావరకు చేజారేది ఇక్కడే.

మధ్యలో సీ రాబిన్‌లు, స్కేట్‌లు అనే వేరే చేపలు తప్పక తగులుతాయి. సీ రాబిన్ రెక్కలు విప్పి గురగురమంటుంటే పిల్లలకు భలే సరదా. దాని తల మీద ముళ్లుంటాయి, గైడుకే వదిలేయండి. పన్నెండేళ్లు, అంతకు తక్కువ వయసున్న పిల్లలు చిన్న పడవ కదులుతున్నంతసేపు లైఫ్ జాకెట్ తీయకూడదు, అది చట్టం.

కొలత, వదలడం

చేపను తడి పలక మీద పరిచి, నోరు మూసి, ముట్టె కొస నుంచి తోక చివర దాకా కొలుస్తారు. 2024 సీజనులో న్యూజెర్సీలోని ఎక్కువ నీళ్లకు నియమం ఇది: కనీసం 18 అంగుళాలు, మనిషికి రోజుకు 3 చేపలు, మే 4 నుంచి సెప్టెంబరు 25 వరకు. డెలావేర్ బేలో కొలత 17 అంగుళాలు. ఈ అంకెలు శాశ్వతం కావు. చేపల లెక్కలను బట్టి సమాఖ్య మండలి, తీర రాష్ట్రాల కమిషన్ కలిసి పరిమితులు ఖరారు చేస్తే రాష్ట్రం దాని ప్రకారం మారుస్తుంది. వెళ్లే వారం రాష్ట్ర మత్స్యశాఖ పేజీ చూసుకోండి. రారిటన్ బేలో ఒక భాగం న్యూయార్క్ రాష్ట్రానిది, అక్కడి కొలత వేరు. ఏ రాష్ట్రపు నీటిలో ఉన్నామో గైడు చూసుకుంటాడు.

పట్టినవాటిలో ఎక్కువ భాగం తిరిగి నీళ్లలోకే పోతాయి. ఆ మాట ఇంట్లో అందరికీ ముందే అర్థం కావాలి. పదిహేడున్నర అంగుళాల చేపను చూసి "ఇంతదాన్ని వదిలేయడమేమిటి బాబూ" అని మామగారు బాధపడతారు. గైడును బతిమాలకండి, అతని లైసెన్సు దాని మీద ఆధారపడి ఉంది. వదిలిన చేపల్లో పదింట ఒకటి చనిపోతుందని నిర్వహణ లెక్కల్లో అంచనా వేసుకుంటారు. ఆ ఒకటిని కూడా తగ్గించడం మన చేతిలో పని. చేతులు తడుపుకోండి, కింద నుంచి అరచేతితో ఆనించండి, మొప్పల్లోకి వేళ్లు పెట్టకండి, ఫోటో ఒకటి చాలు. గాలం గొంతులోకి దిగితే పీకకుండా తంగుసు కత్తిరించి వదిలేయండి. పెద్ద ఫ్లూక్ దాదాపు ఎప్పుడూ ఆడదే. రెండు కూరకు సరిపోతే మూడోదాన్ని, అది ఎంత పెద్దదైనా, వదిలేయమని నా సలహా.

ఉంచుకునే చేప మొప్పల దగ్గర కోసి నెత్తురు పోనిచ్చి, మంచు కలిపిన ఉప్పునీటిలో వేయమని గైడుకు చెప్పండి. పడవ గచ్చు మీద కొట్టుకుంటూ పడి ఉన్న చేప రుచి రేవు చేరేసరికే సగం పోతుంది.

రేవుకు చేరాక

కొలత నియమం ఉన్న చేపలను నీటి మీద ఉండగానే ముక్కలు చేయడానికి న్యూజెర్సీ చట్టం ఒప్పుకోదు. అందుకే గైడు రేవుకు వచ్చాకే శుభ్రం చేస్తాడు. ఒక్కో ఫ్లూక్ నుంచి పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు ముల్లులేని పలకలు తీస్తాడు. మిగిలిన తల, వెన్నుముల్లు చెత్తలోకో, నీటి పక్షులకో పోతాయి. ఇక్కడే మీరు ముందుగా నోరు విప్పాలి: ముల్లూ తలా మాకు కావాలి, మొప్పలు తీసి ఇవ్వండి అని. కొందరు ఆశ్చర్యపోతారు కానీ ఇస్తారు.

పలకలను పులుసులో వేయవద్దు. ఫ్లూక్ మాంసం పల్చన, లేత. చింతపండు రసంలో పది నిమిషాలు ఉడికితే విడిపోయి కనిపించకుండా పోతుంది. పలకలకు ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి, బియ్యప్పిండి పైపైన అద్ది, పెనం మీద వైపుకు రెండు నిమిషాలు వేయించండి చాలు. పులుసుకు తల, వెన్నుముల్లు వాడండి. ముల్లు చుట్టూ మిగిలిన మాంసం, రెక్కల అంచున ఉండే కొవ్వు పులుసుకు చిక్కదనం ఇస్తాయి. మర్నాటికి ఇంకా బాగుంటుంది.